ఒక్క నార పోగు కూడా ఉండకూడదు

హుస్సేన్‌బీ అత్త చేపలు కడిగేటప్పుడు ఎడమచేతి రెండు వేళ్ళకు రబ్బరు తొడుగులు వేసుకునేది. పాత గ్లౌజుల వేళ్ళు కత్తిరించి చేసుకున్నవి. బొటనవేలికొకటి, చూపుడువేలికొకటి. మిగతా మూడు వేళ్ళు ఏమైపోయినా ఆమెకు బాధ లేదు. మగ్గం కింద దారం పట్టుకుని సూదికి అందించేవి ఆ రెండే. వాటి చర్మం గరుకెక్కితే పట్టుదారం పీచులు లేస్తుందని ఆమె భయం.

దోహాలోని అల్ సద్‌లో ఒక పెద్ద ఇంట్లో మేం పనిచేసేవాళ్ళం. ఆమెది వంట, నాది పిల్లల పని. ఆమె భర్త ఇమామ్ మామ అదే ఇంటి డ్రైవరు. వాళ్ళది కర్నూలు పక్క పల్లె, మాది నంద్యాల దగ్గర. ఊళ్ళు దగ్గరని ఆమె నన్ను చేరదీసింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నాకు మాట్లాడటం కంటే చూడటం అలవాటు. అత్తకు అది నచ్చింది. "మాట్లాడేటోళ్ళు మగ్గం కాడ పనికిరారు మే. నోరు ఆడితే సూది తప్పుతుంది," అనేది. తను మాత్రం మగ్గం ముందు కూర్చున్నంతసేపూ నోరు మూసేది కాదు.

గుడ్డ బిగించి కుట్టే ఆ మగ్గం చట్రం ఇమామ్ మామ చేసిందే. ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చినప్పుడు దాని చుట్టూ ఉన్న చెక్కలు అడిగి తెచ్చుకుని, నాలుగు బద్దలుగా కోసి బిగించాడు. ఇంటి వెనక డ్రైవరు గదిలో మంచానికీ గోడకూ మధ్య అది సరిగ్గా పట్టేది. మధ్యాహ్నం భోజనాలై ఇంట్లో అందరూ నిద్రపోయాక, సాయంత్రం అసర్ అజాన్ దాకా ఆమెకు తీరిక. ఆ రెండు మూడు గంటల్లోనే అల్ మన్సూరాలో ఖాసీం మాస్టరు కుట్టు దుకాణం నుంచి వచ్చిన గౌన్లకు పూసలు, జరీ కుట్టేది. ఆ పని దుకాణం పేరు మీదే పోయేది. దాని గురించి ఆమెకు పట్టింపు లేదు. ఆమె కోరిక వేరే.

అత్త పుట్టింటివాళ్ళు తరతరాలుగా పీర్ల పండగకు పీర్లకు కట్టే గుడ్డలు కుట్టేవారు. ఎర్ర మఖమల్ మీద జరీ పని. గుడ్డ మగ్గానికెక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా ఆ ఇంట్లో నియమాలు ఉండేవి. స్నానం చేయకుండా దగ్గరికి రాకూడదు. దాన్ని దాటకూడదు. కొస కూడా నేలకు తగలకూడదు. అత్త ఏడేళ్ళప్పుడే సూది పట్టింది. కానీ ఆమెకు ఇచ్చింది అంచులు మాత్రమే. నడుమ వచ్చే పంజాను, అంటే తెరిచిన అరచేతి బొమ్మను, వాళ్ళ నాయనే కుట్టేవాడు. ఆయన పోయాక అన్న ఫయాజ్ కుట్టాడు. ఆడదాని చేతికి అంచు చాలునని ఆ ఇంటి మాట.

"పంజా కాడ ఫయాజ్ కుట్లు ఎట్లుంటాయో తెలుసా మే? కోడి గీకినట్ల ఉంటాయి," అని చెప్పి అత్త పకపకా నవ్వేది. నవ్వి మళ్ళీ సూది అందుకునేది. "ఒక్క గుడ్డ. మొదటి పోగు నుంచి ఆఖరి ముడి దాకా నా చేత్తో కుట్టింది, దేవుని ముందుకు పోవాల. ఒక్కటి చాలు నాకు."

తొంభై ఏడు నవంబరులో, ఒక శుక్రవారం, ఖాసీం మాస్టరు కబురు పంపాడు. నేను దారపు పెట్టె పట్టుకుని వెంట వెళ్ళాను.

దుకాణంలో కుర్చీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పొట్టి తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. ఆమె పేరు మోజెల్. కలకత్తాలో పుట్టి పెరిగి, లండన్ వెళ్ళి, ఇప్పుడు భర్త గ్యాసు కంపెనీలో ఇంజనీరు కాబట్టి దోహాలో ఉంటోంది. హిందీ ఎంత బాగా మాట్లాడిందంటే, ఖాసీం మాస్టరు ఆమెతో ఉర్దూలో కవిత్వం మొదలుపెట్టబోయి ఆగాడు.

"అమ్మా, గీ పని మా దుకాణంల ఎవల్తోని గాదు," అన్నాడు అత్తతో. "మూడు దుకాణాలు తిరిగి వచ్చిందట మేడమ్. మిషిను మీద వద్దంటది. నీ చెయ్యే దిక్కు."

మోజెల్ ఒడిలోని మూట విప్పింది. పాలమీగడ రంగు ఉన్ని శాలువా. రెండు పక్కలా నల్ల చారలు, నాలుగు మూలలా ముడులేసిన పొడుగాటి కుచ్చులు.

"మా నాన్నది. ప్రార్థన చేసేటప్పుడు కప్పుకునేవారు," అంది. "సరిగ్గా పదహారు రోజులకు, ఆదివారం నాడు లండన్‌లో మా అమ్మాయి పెళ్ళి. పెళ్ళికొడుక్కి ఇది మేం పెట్టాలి, మా ఇంటి ఆనవాయితీ. శాలువా బాగానే ఉంది. మెడ దగ్గర పట్టీ చూడండి."

పట్టీ చిరిగి జల్లెడలా ఉంది. దానిమీద ఎప్పుడో ఉన్న వెండి తీగ నల్లబడి, పోగులు పోగులుగా వేలాడుతోంది.

"ఇది ఏ నమాజుకు మేడమ్?" అని అడిగింది అత్త.

మోజెల్ ఒకసారి తలుపు వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. తర్వాత మెల్లగా, "మేం యూదులం," అంది.

"అంటే మూసా పైగంబర్ వాళ్ళు." మోషే ప్రవక్తను అత్త వాళ్ళు మూసా అంటారు.

"అవును. మూసా వాళ్ళమే."

"అట్లయితే నియమాలేందో చెప్పండి," అంది అత్త, చున్నీ సర్దుకుని ముందుకు జరిగి. "ఎట్ల కూర్చోవాల, ఏం కుట్టకూడదు?"

మోజెల్ కళ్ళద్దాలు పెట్టుకుని అత్తను కొత్తగా చూసింది. మూడు దుకాణాల్లోనూ కొలత అడిగారు, గడువు అడిగారు. ఇది ఎవరూ అడగలేదట. పక్షులూ మనుషులూ వద్దంది. దానిమ్మలు, వాటి ఆకులు చాలు. మూలల్లో ఉన్న కుచ్చులు ముట్టకూడదు, వాటిలో ఒక్క పోగు తెగినా పనికిరాదు. నేల మీద పడేయకూడదు.

"నేల మీద పడేయడమా! మా ఇంట్లో అయితే చెయ్యి ఇరగ్గొడతారు," అంది అత్త. మోజెల్ నవ్వింది. అక్కడి నుంచి ఇద్దరూ పాత స్నేహితుల్లా మాట్లాడుకున్నారు.

బయల్దేరబోతుంటే ఖాసీం మాస్టరు అల్మారా అడుగు నుంచి ఒక చుట్ట తీశాడు. గోధుమరంగు, బిరుసు గుడ్డ. "ఇగో అమ్మా, అవిసె నార కాన్వాసు. అసలైన సరుకు. ఇంగ్లీషోళ్ళ కోట్ల కాలరుకు లోపల ఏస్తరు. ఏడేండ్ల సంది దాచిన. పట్టీ కింద ఎయ్యి, రాజు లెక్క నిలబడ్తది."

అత్త సంబరపడింది. వెండి తీగ బరువుకు పట్టు జారకుండా కింద ఏదో ఒక బిరుసు గుడ్డ ఉండాలి. అంత మంచిది ఆమె ఎప్పుడూ చూడలేదు.

పది మధ్యాహ్నాలు పట్టింది. కొత్త పట్టీకని తెల్లపట్టు ముక్క కింద కాన్వాసు పరిచి, రెండూ కలిపి మగ్గానికి బిగించింది. నాలుగు కుచ్చులనూ ఉతికిన చేతిరుమాళ్ళలో చుట్టి, శాలువాను మంచం మీద ఎత్తుగా పెట్టింది. ఆ పది రోజులూ ఇమామ్ మామ కింద పడుకున్నాడు.

"పెండ్లాం మంచమెక్కనీదు, శాలువా మంచం దిగదు," అన్నాడు నాతో. "సూడు అనితా, నా బతుకు."

"ఏమయ్యా, నీ బతుక్కేం తక్కువ? కింద చల్లగా ఉంటుంది."

"నవంబరులో చల్లదనం ఎవురికి కావాల మే!"

డబ్కా అంటే స్ప్రింగులా చుట్టిన సన్నని వెండి తీగ. దాన్ని గింజలంత ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికెక్కించి కుట్టాలి. కత్తిరించి పెట్టడం నా పని. ఒక్కో దానిమ్మకు నూట యాభై ముక్కలు. పండు కొద్దిగా పగిలి లోపల గింజలు కనబడేలా కుట్టింది అత్త. ఆ గింజల కోసం మాత్రం తన పెళ్ళి చున్నీ నుంచి ఎర్రపూసలు నాలుగైదు కోసి తెచ్చింది. ఏడు దానిమ్మలు. కోడి గీతలు ఒక్కటీ లేవు.

సోమవారం పట్టీని శాలువాకు కుట్టేసింది. మంగళవారం మోజెల్ చూడటానికి దుకాణానికి వచ్చింది. గురువారం సాయంత్రం ఆమె విమానం. శుక్రవారం పొద్దుగుంకితే వాళ్ళకు విశ్రాంతి దినం, ప్రయాణాలు చేయరు. కాబట్టి గురువారం తప్పితే పెళ్ళి తప్పినట్టే.

శాలువా బల్ల మీద పరచగానే మోజెల్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్కో దానిమ్మనూ వేలితో తడిమింది. ఎర్రగింజల దగ్గర ఆగి, "ఇవి ఎక్కడివి?" అంది. "నా పెళ్ళి చున్నీవి," అంది అత్త. మోజెల్ కళ్ళు తుడుచుకుంది. ఖాసీం మాస్టరు చాయ్ చెప్పడానికి కేక వేశాడు.

అప్పుడే ఆమె బొటనవేలు పట్టీ అంచు మీద ఆగింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. ముఖంలో వెలుగు తగ్గింది. మాస్టరు ఇంకా చాయ్‌లో చక్కెర గురించి అరుస్తున్నాడు. నేను అత్త చున్నీ కొస లాగాను.

"లోపల ఏముంది?" అంది మోజెల్.

"కాన్వాసు మేడమ్. అవిసె నార. మంచిది."

"అయ్యో." ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. "ఉన్నీ, అవిసె నారా కలిపి కుట్టిన బట్ట మేం తొడుక్కోకూడదు. లోపల ఏమన్నా వేస్తారని నాకు తోచనే లేదు. చెప్పాల్సింది. తప్పు నాది."

"గట్లెందుకు మేడమ్?" అన్నాడు ఖాసీం మాస్టరు. "రెండూ మంచి సరుకే గదా."

"ఎందుకో మాకూ తెలియదు. రాసి ఉంది."

మాస్టరు ఏదో అనబోయాడు. అత్త చెయ్యెత్తి ఆపింది. "మన మగోళ్ళకు పట్టు కూడదు, బంగారం కూడదు. ఎందుకని నువ్వు ఎప్పుడన్నా అడిగినావా మాస్టరూ? లేదు కదా. వాళ్ళకూ అంతే." మోజెల్ వైపు తిరిగి, "పత్తికి ఏమన్నా దోషమా?" అంది.

"లేదు. పత్తి, పట్టు, వెండి, దేనికీ లేదు. నార ఒక్కటే. ఒక్క నార పోగు కూడా ఉండకూడదు."

అత్త చిన్న కత్తెర తీసి, అక్కడికక్కడే పట్టీ చుట్టూ వేసిన కుట్లు విప్పడం మొదలుపెట్టింది. శాలువాను వేరు చేసి మోజెల్ చేతిలో పెట్టింది. "ముందు ఇవి రెండూ ఒకదానికొకటి తగలకుండా ఉండాల."

పట్టీని తిరగేసి చూసింది. అప్పుడు ఆమె ముఖం పడిపోయింది. వేల కుట్లు. ప్రతి కుట్టూ పట్టులోంచి దిగి, కాన్వాసులోంచి పోయి, మళ్ళీ పైకి వచ్చింది. కాన్వాసు తీయాలంటే కుట్లన్నీ కోయాలి. కోస్తే దానిమ్మలు రాలిపోతాయి. పది రోజుల పని మళ్ళీ చేయడానికి రెండు రోజులే ఉన్నాయి.

"నా చేతికి అంచే రాసిపెట్టినాడేమో దేవుడు," అంది మెల్లగా. ఆమె అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

"నా కాన్వాసే కొంప ముంచింది," అన్నాడు మాస్టరు. చాయ్ వచ్చింది. ఎవరూ తాగలేదు.

పట్టీ నా ముందే ఉంది. కత్తిరించిన అంచు దగ్గర కాన్వాసు పోగు ఒకటి మీసంలా బయటికి వచ్చి ఉంది. నేను దాన్ని పట్టుకుని మెల్లగా లాగాను. అది కుట్ల కిందనుంచి జారుతూ, జారుతూ, జానెడు పొడుగు వచ్చేసింది. పైన ఒక్క డబ్కా ముక్క కూడా కదల్లేదు. ఆ పోగును అత్త ముఖం ముందు పట్టుకున్నాను.

"ఇదెట్ల వచ్చింది మే?"

"లాగినా."

అత్త దాన్ని చూసింది, పట్టీని చూసింది. కాన్వాసు నేత వదులు. గుడ్డగా దాన్ని తీయలేం. కానీ పోగులుగా విడదీసి ఒక్కొక్కటే లాగితే!

"ఓయమ్మా!" అంది. బల్ల మీద ఉన్న చల్లారిన చాయ్ ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. "మేడమ్, గురువారం మధ్యాహ్నం రండి. యల్లా, పా అనితా!"

బుధవారం ఇంట్లో చిక్కొచ్చింది. ఆ రోజు పెద్దవంట. అత్త నేరుగా యజమానురాలి దగ్గరికి వెళ్ళింది. ఆమెను మేమంతా అరబ్బీ పద్ధతిలో మామా, అంటే అమ్మా, అనేవాళ్ళం. పెళ్ళికొడుకు గుడ్డ పాడైంది, సరిచేయాలి, ఒక్క పూట వదలమని అడిగింది. ఎవరి పెళ్ళి అని మామా అడిగింది. అత్త అబద్ధం చెప్పదు. "అహ్ల్ అల్ కితాబ్" అంది. గ్రంథం ఉన్నవాళ్ళు అని. మామా అత్త ముఖంలోకి చూసి, "మబ్రూక్" అంది, శుభం అని. వంట హోటల్ నుంచి తెప్పిస్తానంది. అరగంట తర్వాత పిల్లల చేత తను కనుబొమ్మలు తీసుకునే బుల్లి పట్టకారు కూడా పంపింది.

ఆ పట్టకారుతో అత్త, సూదిమొనతో నేను, గోళ్ళతో ఇమామ్ మామ. పట్టీని తిరగేసి మగ్గానికి బిగించి, కాన్వాసును అక్కడక్కడా జాగ్రత్తగా కత్తిరించి, పోగు తర్వాత పోగు. అడ్డపోగులు సులువుగా వచ్చేవి. నిలువుపోగులు మొండికేసేవి. లాగేకొద్దీ కుట్లు కొద్దిగా వదులయ్యేవి, అత్త వాటిని వెనకనుంచి బిగించుకుంటూ పోయేది.

"స్టీరింగు పట్టే చెయ్యి నాది," అన్నాడు ఇమామ్ మామ. "ఈ చేత్తో పేలు చూసినట్ల పోగులు ఏరుతాండా. మన ఊర్లో తెలిస్తే పిల్లను కూడా ఇయ్యరు."

"నీకు ఇంకో పిల్ల కూడానా? ఈ దానిమ్మ వెనక చూడు, రెండు మిగిలిపోయినాయి. కండ్లు పెట్టి లాగు."

"కండ్లతో ఎట్ల లాగేది మే!"

నవ్వితే చేయి కదులుతుందని అత్త మమ్మల్ని తిట్టింది, తిడుతూ తనే ఎక్కువ నవ్వింది. మంచం మీద గోధుమరంగు పోగులు పిచ్చుకగూడంత పోగయ్యాయి. అసర్ అజాన్ వేళకు అయిపోయింది అనుకున్నారు. నేను పట్టీని కిటికీ వెలుగులో వంచి, వెనకవైపు కొస నుంచి కొస దాకా చూశాను. కుట్టుదారాలు తెల్లగా ఉన్నాయి. మూడో దానిమ్మ తొడిమ కింద మాత్రం ఒక చోట చీమ కాలంత గోధుమరంగు కనబడింది. వేలు పెట్టి చూపించాను. అత్త పట్టకారుతో పట్టి లాగింది. గోరంత పోగు వచ్చింది.

"దొంగ దొరికినాడు!" అని ఇమామ్ మామ చప్పట్లు కొట్టాడు.

ఇక పట్టీకి వెనక మెత్తటి గుడ్డ కావాలి. అత్త పెట్టె తెరిచి, రంజానుకని కొని దాచుకున్న తెల్ల నమాజు చున్నీ తీసింది. నూరుపాళ్ళ పత్తి. ఇంకా ఒక్కసారి కూడా కప్పుకోలేదు. కొలత చూసి కత్తిరించింది.

"కొత్తది కదమ్మే," అన్నాడు ఇమామ్ మామ.

"కొత్తదని తెలిసే కోసినా. నమాజుకు కొన్నదే, నమాజుకే పోతాంది."

గురువారం మధ్యాహ్నం మోజెల్ సంచిలోంచి భూతద్దం తీసింది. పట్టీ వెనక పత్తిగుడ్డను ఒకవైపే కుట్టి, రెండోవైపు ఆమె చూడటానికి వీలుగా అత్త తెరిచి ఉంచింది. ఆమె ఒక్కో దానిమ్మ వెనకా చూసింది. తొందరపడలేదు. ఏడోది చూసి, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చింది. అత్త ఎడమచేతి రెండు వేళ్ళూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి.

"ఒక్కటి కూడా లేదు," అంది మోజెల్. "కుట్టేయండి."

అత్త అక్కడే కూర్చుని కుట్టింది. ఆఖరి ముడి వేసి దారం తెంపాక, ఖాసీం మాస్టరు శాలువాను కోట్లు తొడిగే బొమ్మ భుజాల మీద వేశాడు. సోమవారం ఉన్నట్టు పట్టీ బల్లచెక్కలా నిలబడలేదు. మెడ చుట్టూ మెత్తగా ఒదిగి, రెండు భుజాల మీదికీ వాలింది. దానిమ్మలు కొమ్మకు వేలాడినట్టే ఉన్నాయి.

"అరె!" అన్నాడు మాస్టరు. "నా కాన్వాసు లేకుంటెనే మంచిగున్నది!"

"మా నాన్న భుజాల మీద ఇలాగే వాలేది," అంది మోజెల్. పట్టీని ముద్దుపెట్టుకుంది. కప్పుకునే ముందు వాళ్ళు అలా చేస్తారట. అత్త కూడా రెండో కొస పట్టుకుని కళ్ళకద్దుకుంది. మా దగ్గర అలా చేస్తారు. ఇద్దరూ రెండు కొసలూ పట్టుకుని ఒకరినొకరు చూసి నవ్వారు.

"పెళ్ళికొడుకు అడుగుతాడు, ఎవరు కుట్టారని," అంది మోజెల్. "పూర్తి పేరు చెప్పండి."

"హుస్సేన్‌బీ," అంది అత్త. ఆగింది. "అంచులతో సహా మొత్తం హుస్సేన్‌బీనే అని చెప్పండి."

జనవరిలో మోజెల్ తిరిగి వచ్చి ఫోటో ఇచ్చింది. పొడుగ్గా, చెవులు పెద్దగా ఉన్న పెళ్ళికొడుకు. భుజాల మీద ఏడు దానిమ్మలు. ఇమామ్ మామ ఆ ఫోటోను కారులో అద్దం దగ్గర పెట్టుకుని వారం తిప్పాడు. తర్వాత అత్త దాన్ని అన్నకు పంపింది. వెంట ఉత్తరం పెట్టలేదు. రాయమని నాతో కూడా అనలేదు.

మార్చిలో ఫయాజ్ ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. క్షేమసమాచారాలు, మేకల సంగతి, వాన సంగతి అయ్యాక చివర రెండు వాక్యాలున్నాయి. 'నా కండ్లు మందగించినాయి. ఈసారి పీరు గుడ్డ మొత్తం నువ్వే కుట్టుకోని రా, పంజాతో సహా.'

"వానికి కండ్లు ఎప్పుడు బాగున్నాయి!" అంది అత్త. ఉత్తరం లాక్కుని, చదవడం రాకపోయినా ఆ చివరి వరుస మీద వేలు పెట్టి చూస్తూ కూర్చుంది. "ఇదేనా మే ఆ మాట? యాడ? ఇంకోసారి చదువు."

నాలుగుసార్లు చదివాను.

ఆ శుక్రవారం అల్ మన్సూరా వెళ్ళి ఎర్ర మఖమల్ కొన్నది. ఖాసీం మాస్టరు సంతోషం పట్టలేక అల్మారా అడుగు వెతికాడు. "అమ్మా, గా కాన్వాసు ఇంకొంచెం మిగిలున్నది. మీకు గా నియమం లేదు గదా. తీస్కపో."

"నియమం లేదులే మాస్టరూ," అంది అత్త. "అయినా నాకు పత్తి గుడ్డే ఇయ్యి. పీరు భుజాల మీద కూడా మెత్తగా వాలాల."

కారులో ఇంటికి వస్తుంటే మఖమల్ మూటను ఒడిలో ఎత్తి పట్టుకుని, కాళ్ళు సీటు మీదికి మడుచుకుని కూర్చుంది. ఇమామ్ మామ అద్దంలోంచి చూశాడు.

"అయితే ఈ రోజు నుంచి నేను మళ్ళా కిందనే పడుకోవాలనా?"

"రెండు నెలలు," అంది అత్త.